కృత్రిమ మేధకు కరెంటు ఆకలి: పొదుపు చిప్‌ల కోసం కొత్త పదార్థాల అన్వేషణ

కృత్రిమ మేధ వినియోగించే విద్యుత్తు ఇప్పుడు ప్రపంచ దేశాల ఇంధన ప్రణాళికల్లో ఒక ప్రధానాంశంగా మారింది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం, 2024లో ప్రపంచంలోని డేటా కేంద్రాలన్నీ కలిసి సుమారు 415 టెరావాట్ అవర్ల విద్యుత్తును వాడుకున్నాయి. గృహ వినియోగదారుల లెక్కలో చెప్పాలంటే ఇది 41,500 కోట్ల యూనిట్లు. ప్రపంచ విద్యుత్ వినియోగంలో ఇది దాదాపు 1.5 శాతం. 2030 నాటికి ఈ అంకె 945 టెరావాట్ అవర్లకు చేరవచ్చని అదే నివేదిక అంచనా వేసింది. ఈ పెరుగుదలకు ముఖ్య కారణం కృత్రిమ మేధ.

ఈ లెక్కలతో ఛత్తీస్‌గఢ్‌కు దగ్గరి సంబంధం ఉంది. కోర్బా బొగ్గు గనులు, అక్కడి థర్మల్ విద్యుత్ కేంద్రాలు దేశంలోని అనేక రాష్ట్రాలకు వెలుగునిస్తున్నాయి. భిలాయ్‌లోని వైశాలి నగర్ వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చాలామంది పెద్దలు ఉక్కు కర్మాగారంలో పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవారే. ఇటు రాయ్‌పుర్ పక్కన, అటు విశాఖపట్నంలో కృత్రిమ మేధ కోసం డేటా కేంద్రాలు రానున్నాయి. వాటికి కావలసిన విద్యుత్తు ఎంత, దానిని తగ్గించే మార్గం ఉందా అన్న ప్రశ్న ఈ కుటుంబాల సొంత ఊరికీ, ఉంటున్న ఊరికీ కూడా వర్తిస్తుంది.

ఆ మార్గాలలో ఒకటి చిప్‌ను మూలం నుంచి మార్చడం. సిలికాన్‌కు తోడుగా కొత్త పదార్థాలను చేర్చి, తక్కువ విద్యుత్తుతో ఎక్కువ గణన చేసే యంత్రాంగాన్ని రూపొందించేందుకు శాస్త్రవేత్తలు రెండు దశాబ్దాలుగా కృషి చేస్తున్నారు. ఈ రంగంలో భారతీయ పరిశోధకుల పాత్ర గణనీయమైనది.

ఒక గిగావాట్ అంటే ఎంత?

గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాట్ స్థాయి కృత్రిమ మేధ కేంద్రాన్ని నెలకొల్పనున్నట్టు 2025 అక్టోబర్ 14న ప్రకటించింది. అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి పెడతామని తెలిపింది. ఛత్తీస్‌గఢ్‌లో నవా రాయ్‌పుర్ వద్ద ర్యాక్‌బ్యాంక్ సంస్థ తలపెట్టిన కృత్రిమ మేధ డేటా సెంటర్ పార్కుకు ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ 2025 మే 3న శంకుస్థాపన చేశారు. అది మొదట 5 మెగావాట్లతో ఆరంభమై, దశలవారీగా 150 మెగావాట్ల వరకు విస్తరిస్తుందని ప్రకటించారు.

ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. ఎన్‌టీపీసీ, సెయిల్ సంస్థలు కలిసి భిలాయ్‌లో నడుపుతున్న విద్యుత్ కేంద్రంలో 250 మెగావాట్ల యూనిట్లు రెండు ఉన్నాయి. అటువంటి కేంద్రాలు రెండు పూర్తి సామర్థ్యంతో రాత్రింబవళ్లు నడిస్తే వచ్చేది ఒక గిగావాట్. ఒక గిగావాట్ భారాన్ని రోజంతా మోయాలంటే 2 కోట్ల 40 లక్షల యూనిట్లు కావాలి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లతో పోల్చితే అది దాదాపు 36 లక్షల ఇళ్ల వాడకంతో సమానం.

డేటా కేంద్రంలో ఈ విద్యుత్తులో అధిక భాగం చిప్‌లకు, మిగిలినదానిలో చాలా భాగం వాటిని చల్లబరచడానికి వెళుతుంది. ఎన్విడియా సంస్థ తయారుచేసిన హెచ్100 అనే ఒక్క చిప్ మాడ్యూల్ గరిష్ఠంగా 700 వాట్లు తీసుకుంటుంది. ఇటువంటివి వేల సంఖ్యలో పక్కపక్కన పనిచేస్తాయి. మనిషి మెదడు మాత్రం దాదాపు 20 వాట్లతో చూడటం, వినడం, మాట్లాడటం, జ్ఞాపకం ఉంచుకోవడం వంటి పనులన్నీ చేస్తోంది. ఒక రోజుకు దాని ఖర్చు అర యూనిట్ మాత్రమే.

విద్యుత్తు ఎక్కడ వృథా అవుతోంది?

నేటి కంప్యూటర్లలో అత్యధికం 1945లో జాన్ వాన్ నాయ్‌మన్ వివరించిన నమూనాను అనుసరిస్తున్నాయి. ఇందులో లెక్కలు చేసే ప్రాసెసర్ ఒకచోట, లెక్కలకు కావలసిన సమాచారాన్ని దాచే మెమరీ మరొకచోట ఉంటాయి. ప్రతి లెక్కకూ సమాచారం మెమరీ నుంచి ప్రాసెసర్‌కు రావాలి, ఫలితం మళ్లీ మెమరీకి వెళ్లాలి.

ఈ రాకపోకలకే విద్యుత్తు ఎక్కువగా ఖర్చవుతోంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ హోరోవిట్జ్ 2014లో వెల్లడించిన లెక్కలు ఈ విషయాన్ని తేటతెల్లం చేశాయి. అప్పటి 45 నానోమీటర్ల సాంకేతికతలో 32 బిట్ల దశాంశ సంఖ్యలను రెండింటిని గుణించడానికి 3.7 పికోజౌళ్ల శక్తి చాలు. అదే పరిమాణం గల సంఖ్యను బయటి మెమరీ నుంచి తీసుకురావడానికి 640 పికోజౌళ్లు కావాలి. అంటే లెక్క చేయడానికయ్యే ఖర్చు కన్నా సరుకు మోయడానికయ్యే ఖర్చు 170 రెట్లు ఎక్కువ. అప్పటి నుంచి చిప్‌లు ఎంతో మెరుగుపడినా రవాణా ఖర్చుదే పైచేయిగా ఉంది.

భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం రాజహరా గనుల నుంచి రైలులో వస్తుంది. ఒక్కొక్క గంప ఖనిజానికి ఒక్కొక్క రైలు నడపవలసి వస్తే కొలిమి ఎంత గొప్పదైనా కర్మాగారం గిట్టుబాటు కాదు. కంప్యూటర్‌లో జరుగుతున్నది దాదాపు అదే. కృత్రిమ మేధ నమూనాలలో వందల కోట్ల సంఖ్యలు ఉంటాయి. వాక్యంలో ఒక్కొక్క పదాన్ని సృష్టించేటప్పుడు ఆ సంఖ్యలలో చాలా వాటిని మళ్లీ మళ్లీ మెమరీ నుంచి తీసుకురావాలి.

సరుకు ఉన్నచోటే పని

ఈ చిక్కుకు పరిశోధకులు సూచిస్తున్న పరిష్కారం సూటిగా ఉంటుంది. సమాచారాన్ని మోసే బదులు, అది దాచి ఉన్నచోటే లెక్క చేయాలి. దీనిని మెమరీలోనే గణన అంటున్నారు.

కృత్రిమ మేధలో అత్యధిక భాగం ఒకే రకమైన లెక్క: గుణించడం, వచ్చిన వాటిని కూడటం. ఈ పనిని పాఠశాల భౌతికశాస్త్రంలోని రెండు నియమాలతోనే చేయవచ్చు. నిలువుగా కొన్ని తీగలు, వాటి మీదుగా అడ్డంగా కొన్ని తీగలు వలలా అమర్చి, అవి కలిసే ప్రతి కూడలిలో ఒక సూక్ష్మ పరికరాన్ని ఉంచుతారు. ఆ పరికరం విద్యుత్తును ఎంత సులభంగా పోనిస్తుందో ఆ గుణాన్ని వాహకత అంటారు. నమూనాలోని సంఖ్యను ఈ వాహకత రూపంలో దాస్తారు.

అడ్డ తీగలకు వోల్టేజీ ఇస్తే ఓమ్ నియమం ప్రకారం ప్రతి కూడలిలో వోల్టేజీ, వాహకతల గుణకారానికి సమానమైన విద్యుత్ ప్రవాహం పుడుతుంది. నిలువు తీగలో ఆ ప్రవాహాలన్నీ కిర్కాఫ్ నియమం ప్రకారం కలిసిపోతాయి. ఉదాహరణకు ఒక కూడలిలో 10 మైక్రోసీమెన్ల వాహకత ఉండి 0.2 వోల్టులు ఇస్తే 2 మైక్రోఆంపియర్లు ప్రవహిస్తాయి. దాని కిందనున్న కూడలిలో 30 మైక్రోసీమెన్ల వాహకత ఉండి 0.1 వోల్టు ఇస్తే 3 మైక్రోఆంపియర్లు ప్రవహిస్తాయి. నిలువు తీగ చివర 5 మైక్రోఆంపియర్లు కనిపిస్తాయి. రెండు గుణకారాలు, ఒక కూడిక ఒకే క్షణంలో పూర్తయ్యాయి. సంఖ్యలు ఎక్కడికీ కదలలేదు. రుణ సంఖ్యలు కావలసినచోట రెండు పరికరాలను జతగా ఉంచి వాటి మధ్య తేడాను లెక్కిస్తారు.

ఈ పద్ధతి ఫలించాలంటే కూడలిలోని పరికరానికి కొన్ని లక్షణాలు ఉండాలి. వాహకతను కోరినట్టు మార్చగలగాలి. విద్యుత్ సరఫరా ఆగినా అది చెరగకూడదు. లక్షల సార్లు రాసినా అరగకూడదు. మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్‌కు ఈ లక్షణాలన్నీ ఒకచోట లేవు. కొత్త పదార్థాల అవసరం ఇక్కడే మొదలయింది.

రంగంలో ఉన్న పదార్థాలు

*స్థితి మార్చుకునే పదార్థాలు.* జెర్మేనియం, యాంటిమొనీ, టెలూరియం కలిసిన మిశ్రమం వీటిలో ప్రసిద్ధమైనది. ఇనుముకు పదును పెట్టడం తెలిసిన కమ్మరికి దీని సూత్రం కొత్తగా తోచదు. ఎర్రగా కాగిన ఉక్కును చప్పున నీటిలో ముంచితే ఒక గుణం, నెమ్మదిగా చల్లారనిస్తే మరొక గుణం వస్తాయి. ఉక్కు అదే, లోపలి అమరిక వేరు. ఈ మిశ్రమాన్ని కూడా విద్యుత్ స్పందనతో సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేసి కరిగించి తటాలున చల్లారిస్తే అణువులు చిందరవందరగా గడ్డకట్టి విద్యుత్తును అడ్డుకుంటాయి. అంతకన్నా తక్కువ వేడిమి వద్ద కాసేపు ఉంచితే అణువులు స్ఫటికంలా వరుసకట్టి విద్యుత్తును పోనిస్తాయి. ఇదంతా సెకనులో కోట్ల వంతు వ్యవధిలో జరుగుతుంది. స్టాన్‌ఫర్డ్ ఓవ్షిన్‌స్కీ 1968లో ఇటువంటి స్విచ్‌ను వెల్లడించారు. ఐబీఎం సంస్థ 2023 ఆగస్టులో నేచర్ పత్రికలో వివరించిన చిప్‌లో ఇటువంటి పరికరాలు 3 కోట్ల 50 లక్షలు ఉన్నాయి. అది మాటలను అక్షరాలుగా మార్చే పనిలో ఒక్కొక్క వాటుకు సెకనుకు గరిష్ఠంగా 12.4 లక్షల కోట్ల గణనలు చేసింది.

*మెమ్రిస్టర్లు.* తన గుండా పోయిన విద్యుత్తును గుర్తుంచుకుని దాని ప్రకారం నిరోధాన్ని మార్చుకునే పరికరం ఉండగలదని లియాన్ చువా 1971లో గణితపరంగా ఊహించారు. ఆ గుణం టైటానియం డయాక్సైడ్ పొరలో కనిపించిందని హెచ్‌పీ ప్రయోగశాలలో స్టాన్లీ విలియమ్స్ బృందం 2008లో ప్రకటించింది. ఇప్పుడు టైటానియం కన్నా హాఫ్నియం ఆక్సైడ్ వంటివి ఎక్కువ వాడుకలో ఉన్నాయి. పొరలోని ఆక్సిజన్ స్థానాలు కొన్ని ఖాళీ అయి సన్నని దారిగా ఏర్పడతాయి. ఆ దారి తెగితే నిరోధం పెరుగుతుంది, కలిస్తే తగ్గుతుంది. 2022లో అమెరికా పరిశోధకులు వెల్లడించిన న్యూర్‌ర్యామ్ అనే చిప్‌లో 48 గణన కేంద్రాలు, సుమారు 30 లక్షల పరికరాలు ఉన్నాయి.

*ఫెర్రోఎలక్ట్రిక్ పదార్థాలు.* వీటిలో విద్యుత్ ధ్రువాలను వోల్టేజీతో అటూ ఇటూ తిప్పి వదలవచ్చు. అవి అలాగే నిలిచి ఉంటాయి. ఈ గుణం హాఫ్నియం ఆక్సైడ్ పలుచని పొరలలో కూడా ఉందని 2011లో జర్మనీ పరిశోధకులు ప్రకటించడం రంగాన్ని మలుపు తిప్పింది. ఇంటెల్ 2007 నుంచే తన చిప్‌లలో హాఫ్నియం ఆధారిత పొరలను వాడుతోంది. కనుక చిప్ ఫ్యాక్టరీలకు ఇది పరిచితమైన పదార్థం.

*అయస్కాంత పొరలు.* రెండు అయస్కాంత పొరలు ఒకే దిశలో ఉంటే ఒక నిరోధం, ఎదురెదురుగా ఉంటే మరొక నిరోధం కనిపిస్తాయి. ఇవి ఎంతో కాలం మన్నుతాయి. అయితే వాటి నిరోధం తక్కువ. ఈ లోపాన్ని అధిగమించే అమరికను శామ్‌సంగ్ పరిశోధకులు 2022 జనవరిలో ప్రకటించారు.

*అణువంత మందం గల పొరలు.* గ్రాఫీన్ పరిశోధనకు 2010లో నోబెల్ బహుమతి లభించిన తరువాత మోలిబ్డినం డైసల్ఫైడ్ వంటి పలుచని అర్ధవాహకాలపై ఆసక్తి పెరిగింది. స్విట్జర్లాండ్‌లోని లొజాన్ సాంకేతిక సంస్థ 2023లో ఈ పదార్థంతో చేసిన వెయ్యికి పైగా ట్రాన్సిస్టర్లు గల గణన పరికరాన్ని ప్రదర్శించింది. పారిశ్రామిక స్థాయికి ఇది ఇంకా చాలా దూరంలో ఉంది.

బెంగళూరులో 16,500 మెట్లు

ఈ రంగంలో భారతదేశానికి పేరు తెచ్చిన పరిశోధన బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో జరిగింది. అక్కడి నానో సైన్స్, ఇంజనీరింగ్ కేంద్రానికి చెందిన శ్రీతోష్ గోస్వామి బృందం ఫలితాలు 2024 సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో ప్రచురితమయ్యాయి. రసాయనశాస్త్రవేత్త శ్రీబ్రత గోస్వామి, ఆచార్యుడు నవకాంత భట్ ఇందులో పాల్గొన్నారు. మెమ్రిస్టర్‌ను వెలుగులోకి తెచ్చిన స్టాన్లీ విలియమ్స్ కూడా సహరచయితలలో ఒకరు.

రుథేనియం లోహం కేంద్రంగా గల ఒక సేంద్రియ అణువుల పొరను వీరు వాడారు. వోల్టేజీ స్పందనలకు అనుగుణంగా ఆ అణువులు, వాటి చుట్టూ ఉన్న అయాన్లు స్థానాలు మార్చుకుంటాయి. ప్రతి అమరికకూ ఒక వాహకత ఉంటుంది. ఇలా ఒక్క పరికరంలో 16,500 విభిన్న స్థితులను వీరు నమోదు చేయగలిగారు.

ఈ అంకె ప్రాధాన్యం గ్రహించాలంటే మామూలు డిజిటల్ మెమరీని గుర్తుచేసుకోవాలి. దానిలో ఒక కణం సాధారణంగా సున్నా, ఒకటి అనే రెండు స్థితులనే దాస్తుంది. ఇంటి దీపపు స్విచ్ వంటిది అది. బెంగళూరు పరికరాన్ని ఫ్యాన్ రెగ్యులేటర్‌తో పోల్చవచ్చు, అయితే దానికి అయిదు మెట్లు కాక 16,500 మెట్లు ఉన్నాయి. 14 బిట్ల ఖచ్చితత్వానికి ఇది సరిపోతుంది. ఇటువంటి పరికరాల వలను సిలికాన్ సర్క్యూట్లతో కలిపి, జేమ్స్ వెబ్ అంతరిక్ష దూరదర్శిని తీసిన సృష్టి స్తంభాల చిత్రాన్ని మేజాబల్ల మీది కంప్యూటర్‌లో పునర్నిర్మించారు. ఈ పరిశోధనకు కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ తోడ్పాటు ఉంది.

ప్రయోగశాల నుంచి ఫ్యాక్టరీకి ఉన్న దూరం

ఇంత సామర్థ్యం ఉన్నప్పుడు ఈ చిప్‌లు ఇప్పటికే డేటా కేంద్రాలలో ఎందుకు లేవన్న సందేహం సహజం. దానికి కారణాలు పలు రకాలు.

మొదటిది ఏకరూపత. ఒక్క పరికరం చక్కగా పనిచేయడం వేరు, కోట్ల పరికరాలు ఒకేలా పనిచేయడం వేరు. మెమ్రిస్టర్‌లో దారి ఏర్పడే తీరు ప్రతిసారీ కొద్దిగా మారుతుంది. స్థితి మార్చుకునే మిశ్రమాలలో దాచిన విలువ కాలం గడిచేకొద్దీ మెల్లగా జరుగుతుంది. నిన్న రాసిన 50 నేడు 49గా చదవబడితే నమూనా జవాబులో తప్పు దొర్లవచ్చు. అందుకే దిద్దుబాటు పద్ధతులను కూడా చిప్‌తో పాటే రూపొందించవలసి వస్తోంది.

రెండవది అనువాదపు ఖర్చు. కూడలులలో లెక్క విద్యుత్ ప్రవాహం రూపంలో జరుగుతుంది. ఫలితాన్ని మిగతా కంప్యూటర్‌కు అందించాలంటే దానిని అంకెలుగా మార్చాలి. ఆ మార్పిడి చేసే సర్క్యూట్లు చిప్ విస్తీర్ణంలోనూ, విద్యుత్తులోనూ పెద్ద వాటాను తీసుకుంటాయి. వలలో మిగిల్చిన విద్యుత్తును ద్వారం దగ్గర పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ప్రయోగశాలలు ప్రకటించే అంకెలను చదివేటప్పుడు అవి వలకు మాత్రమే సంబంధించినవా, మొత్తం చిప్‌కు సంబంధించినవా అని చూడటం అవసరం.

మూడవది మన్నిక. కృత్రిమ మేధలో రెండు దశలు ఉన్నాయి. నమూనాకు శిక్షణ ఇవ్వడం ఒకటి, శిక్షణ పొందిన నమూనాను వాడుకోవడం మరొకటి. శిక్షణలో విలువలను నిరంతరం తిరగరాయాలి. ఇది కొత్త పదార్థాలను త్వరగా అరగదీస్తుంది. వాడుకలో ఒకసారి రాసిన విలువలను చదువుకుంటే చాలు. కనుక ఈ చిప్‌లు మొదట వాడుక దశలోనే, అందులోనూ కెమెరాలు, వినికిడి యంత్రాలు, కర్మాగారాల సెన్సర్ల వంటి చిన్న పరికరాలలోనే చోటు సంపాదిస్తాయన్న అభిప్రాయం నిపుణులలో బలంగా ఉంది.

సిలికాన్ కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఐబీఎంలో ధర్మేంద్ర మోధా బృందం 2014లో ప్రకటించిన ట్రూనార్త్ చిప్ 10 లక్షల కృత్రిమ నాడీకణాలను దాదాపు 70 మిల్లీవాట్లతో నడిపింది. అది పూర్తిగా మామూలు సిలికాన్‌తో చేసినదే. తెలుగు పారిశ్రామికవేత్త వెంకట్ మట్టెల 2020లో స్థాపించిన సెరెమార్ఫిక్ సంస్థ అమెరికాలోని శాన్‌హోసే, హైదరాబాద్ కేంద్రాలుగా విద్యుత్ పొదుపు గల చిప్‌ల రూపకల్పనలో ఉంది. అది ఎంచుకున్నది తైవాన్‌కు చెందిన టీఎస్‌ఎంసీ 5 నానోమీటర్ల సిలికాన్ సాంకేతికత. రూపకల్పనను మార్చి పొదుపు సాధించడం ఒక దారి, పదార్థాన్నే మార్చడం మరొక దారి. రెండవ దారి కష్టమైనది, ఫలించడానికి ఎక్కువ కాలం తీసుకునేది.

ముడిసరకు ఎవరి చేతిలో ఉంది?

కొత్త పదార్థాలతో పాటు కొత్త ఆధారపడటాలు కూడా వస్తాయి. చైనా 2023 ఆగస్టు 1 నుంచి గాలియం, జెర్మేనియం ఎగుమతులపై ఆంక్షలు విధించింది. 2024 సెప్టెంబర్‌లో యాంటిమొనీ, 2025 ఫిబ్రవరిలో టెలూరియం, మోలిబ్డినం ఆ జాబితాలో చేరాయి. స్థితి మార్చుకునే మిశ్రమంలోని మూడు మూలకాలూ ఇప్పుడు ఆంక్షల పరిధిలోనే ఉన్నాయన్నమాట.

హాఫ్నియం విషయంలో తెలుగు నేలకు ఒక ప్రత్యేకత ఉంది. ఆంధ్ర తీరపు ఇసుకలో ఇల్మనైట్, రూటైల్, జిర్కాన్ వంటి భార ఖనిజాలు ఉన్నాయి. జిర్కాన్‌లో జిర్కోనియంతో పాటు హాఫ్నియం కొద్ది మోతాదులో కలిసి ఉంటుంది. అణు రియాక్టర్లలో వాడే జిర్కోనియంలో హాఫ్నియం ఉండకూడదు, ఎందుకంటే అది న్యూట్రాన్లను జిర్కోనియం కన్నా వందల రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. 1971లో హైదరాబాద్‌లో ఏర్పడిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈ రెండింటినీ వేరుచేసే ప్రక్రియలో అనుభవం గడించింది. రియాక్టర్‌కు పనికిరాదని తొలగించే మూలకమే చిప్‌కు కావలసిన మూలకం కావడం విశేషం.

అయితే దీని నుంచి అతిగా ఆశించరాదు. ఒక చిప్‌కు కావలసిన హాఫ్నియం అతి స్వల్పం. పొర మందం కొన్ని నానోమీటర్లు మాత్రమే. అసలు కొరత ఖనిజానికి కాదు, దానిని చిప్‌కు తగినంత స్వచ్ఛంగా మార్చి, ఒక్కొక్క అణువరుసగా పరిచే యంత్రాలకు, నైపుణ్యానికి.

నవా రాయ్‌పుర్, భిలాయ్‌లలో పరిస్థితి

నవా రాయ్‌పుర్‌లో పాలీమటెక్ సంస్థ గాలియం నైట్రైడ్ ఆధారిత సెమీకండక్టర్ ప్లాంటుకు 2025 ఏప్రిల్ 11న శంకుస్థాపన జరిగింది. దీనికి 1,143 కోట్ల రూపాయల పెట్టుబడిని ప్రకటించారు. గాలియం నైట్రైడ్ కూడా కొత్త తరం పదార్థమే. కాని అది పైన చెప్పిన గణన పదార్థాల కోవకు చెందదు. టెలికాం పరికరాలలో, విద్యుత్తును ఒక వోల్టేజీ నుంచి మరొక వోల్టేజీకి మార్చే సర్క్యూట్లలో దాని ఉపయోగం ఎక్కువ. గ్రిడ్ నుంచి చిప్‌ను చేరేలోగా జరిగే ప్రతి మార్పిడిలోనూ కొంత విద్యుత్తు వేడిగా పోతుంది. ఆ నష్టాన్ని తగ్గించడంలో గాలియం నైట్రైడ్ తోడ్పడుతుంది.

భిలాయ్ సమీపంలోని కుటేలాభాఠాలో ఐఐటీ శాశ్వత ప్రాంగణం ఉంది. 2016లో ఆరంభమైన ఈ సంస్థ ప్రాంగణానికి ప్రధాని నరేంద్ర మోదీ 2018 జూన్ 14న శంకుస్థాపన చేశారు, 2024 ఫిబ్రవరి 20న జాతికి అంకితం చేశారు. లోహశాస్త్రం, పదార్థ విజ్ఞానం భిలాయ్‌కి కొత్త కావు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభించారు. ఆనాటి నుంచి వేడిమి, చల్లార్పు, మిశ్రమాల లెక్కలు ఈ పట్టణంలో మూడు తరాల జీవనోపాధిగా ఉన్నాయి. ఉక్కులో కిలోమీటర్ల పొడవున చూసే గుణాలను చిప్‌లో నానోమీటర్లలో చూడటమే తేడా.

ఈ రంగంలో అడుగుపెట్టదలచిన విద్యార్థులకు పదార్థ విజ్ఞానం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ అనే అయిదు ద్వారాలూ తెరిచే ఉన్నాయి. తమ కళాశాలలో శుద్ధ గదులు లేనివారు భారతీయ విజ్ఞాన సంస్థ, ఐఐటీ బాంబే వంటిచోట్ల ఉన్న సదుపాయాలను వాడుకునేందుకు కేంద్రం నానోఎలక్ట్రానిక్స్ వినియోగదారుల కార్యక్రమాన్ని నడుపుతోంది. చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం కింద చిప్ రూపకల్పన సాఫ్ట్‌వేర్‌ను కళాశాలలకు అందిస్తున్నారు. ఈ కార్యక్రమం ద్వారా 85,000 మందికి శిక్షణ ఇవ్వాలన్నది లక్ష్యం.

దేశీయ తయారీ రంగం ఇంకా తొలి దశలోనే ఉంది. 76,000 కోట్ల రూపాయల సెమీకండక్టర్ పథకాన్ని కేంద్రం 2021లో ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌లో చిప్ ప్యాకేజింగ్ యూనిట్‌కు, భువనేశ్వర్‌లో సిలికాన్ కార్బైడ్ ప్లాంటుకు 2025 ఆగస్టు 12న ఆమోదం లభించింది. 2024 మార్చిలో ఆమోదం పొందిన ఇండియా ఏఐ మిషన్‌కు 10,372 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో ప్రధాన భాగం వేల సంఖ్యలో గ్రాఫిక్స్ ప్రాసెసర్లను అందుబాటులోకి తేవడానికి ఉద్దేశించినది. అవి దిగుమతి చేసుకునే సిలికాన్ చిప్‌లు. నేటి అవసరానికి అవి తప్పవు. రేపటి చిప్‌ల పరిశోధనకు ఎంత వాటా దక్కుతుందన్నది వేరే ప్రశ్న.

పొదుపు చిప్ వస్తే బొగ్గు మిగులుతుందా?

బ్రిటిష్ ఆర్థికవేత్త విలియమ్ స్టాన్లీ జెవన్స్ 1865లోనే ఇటువంటి ప్రశ్న వేసుకున్నారు. ఆవిరి యంత్రాలు మెరుగుపడి తక్కువ బొగ్గుతో ఎక్కువ పని చేయగలిగినప్పుడు బ్రిటన్‌లో బొగ్గు వాడకం తగ్గలేదు, పెరిగింది. యంత్రం నడపడం చౌక కావడంతో అది ఇంతకుముందు లేని చోట్లకు కూడా చేరింది. కృత్రిమ మేధ విషయంలోనూ అదే జరగవచ్చు. ఒక ప్రశ్నకు జవాబిచ్చే ఖర్చు పదో వంతుకు తగ్గి, అడిగే ప్రశ్నలు ఇరవై రెట్లు పెరిగితే మొత్తం వినియోగం రెట్టింపు అవుతుంది.

అందువల్ల చిప్‌లోని పొదుపు ఒక్కటే సరిపోదు. డేటా కేంద్రం తీసుకునే విద్యుత్తులో బొగ్గు వాటా ఎంత, సౌర, పవన విద్యుత్ వాటా ఎంత, చల్లబరచడానికి ఎంత నీరు వాడుతున్నారు, ఆ లెక్కలు ప్రజలకు అందుబాటులో ఉన్నాయా అన్నవి కూడా అంతే ముఖ్యం. వేసవిలో నీటి ఎద్దడి ఎదుర్కొనే ప్రాంతాలలో ఇవి సాంకేతిక ప్రశ్నలుగా మిగిలిపోవు.

మరోవైపు, పొదుపు చిప్ రాకపోతే జరిగేది కూడా స్పష్టమే. కృత్రిమ మేధ విస్తరణ ఆగదు. దానికి కావలసిన విద్యుత్తు కోర్బా వంటిచోట్ల మరిన్ని యూనిట్ల నుంచో, ఇతర అవసరాలకు కోత పెట్టడం నుంచో రావలసి ఉంటుంది. కొత్త పదార్థాల చిప్‌లు కెమెరాలోనో, సెన్సర్‌లోనో, చేతిలోని ఫోన్‌లోనో లెక్కను అక్కడికక్కడే ముగించగలిగితే, ఆ మేరకు దూరపు డేటా కేంద్రానికి వెళ్లే భారం తగ్గుతుంది.

ఇకపై గమనించవలసినవి

ఈ రంగంలో వచ్చే వార్తలను అంచనా వేయడానికి మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి. ప్రకటించిన పొదుపు ఒక్క పరికరానిదా, అంకెల మార్పిడితో సహా మొత్తం చిప్‌దా? పరికరాలు వందల్లో ఉన్నాయా, కోట్లలో ఉన్నాయా? ఆ పదార్థాన్ని ఇప్పటి సిలికాన్ ఫ్యాక్టరీలోనే పరచవచ్చా, దానికి వేరే ఫ్యాక్టరీ కట్టాలా? మూడవ ప్రశ్నకు హాఫ్నియం ఆక్సైడ్ ఇప్పటికే అనుకూలమైన జవాబు ఇచ్చింది. బెంగళూరు అణువుల పొర ఇంకా ఆ పరీక్షను ఎదుర్కోవలసి ఉంది. విశాఖ, నవా రాయ్‌పుర్ కేంద్రాలు మాత్రం ఆ జవాబు కోసం ఆగవు. అవి నేటి చిప్‌లతో, నేటి గ్రిడ్ మీదనే మొదలవుతాయి.